గుర్తుంటేనే గుర్తు

సర్పంచి ఎన్నికల బ్యాలెట్ కాగితాన్ని ఎప్పుడైనా తీరిగ్గా చూశారా? దాని మీద అభ్యర్థి పేరు ఉండదు. ఫొటో ఉండదు. పార్టీల ఊసు సరేసరి. ఉంగరం, కత్తెర... ఇలా వరసగా కొన్ని బొమ్మలు, అంతే. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు శ్రీకాకుళం జిల్లా కంచిలి మండలంలోని పల్లెల్లో ఓటర్ల చేతికొచ్చిందీ ఇలాంటి కాగితమే. చదువు రానివాళ్లు ఉన్నారు. ఇంట్లో ఒడియా, సంతలో తెలుగు మాట్లాడేవాళ్లు ఉన్నారు. కళ్లజోడు ఇంట్లో మరిచి వచ్చిన పెద్దవాళ్లూ ఉంటారు. అయినా 'ఇదేం కాగితం, ఇందులో అక్షరాల్లేవేం' అని ఎవరూ కంగారు పడరు. కావలసిన బొమ్మ మీద ముద్ర గుద్ది, మడిచి, పెట్టెలో వేసి ఇంటికి పోతారు.

అదే మనుషులు సెల్‌ఫోన్ చేతిలోకి తీసుకుంటే కథ మారిపోతుంది. మూలన ఉన్న మూడు చుక్కలు నొక్కగానే ఓ జాబితా జారుతుంది. ప్రతి వరసకీ ముందు ఓ చిన్న బొమ్మ. పళ్లచక్రం, గంట, గొలుసు ముక్క, బాణం, సగం తెరిచిన డబ్బా, ఇంకో బాణం. 'ఒరే బావూ, ఈ బొమ్మేట్రా?' అని మనవడిని పిలవాల్సిందే. చదువుకున్నవాళ్లు ఎవరినీ పిలవరు కానీ వాళ్లు చేసేదీ ఘనకార్యమేం కాదు. బొమ్మను వదిలేసి పక్కనున్న మాట చదువుకుంటారు.

మరి అక్కడ ముద్దొచ్చిన బొమ్మ ఇక్కడెందుకు మొండికేసింది?

మొదటి కారణం చాలా మామూలుది. ఎన్నికల గుర్తు తనంతట తాను ఎవరికీ అర్థం కాదు. దాన్ని అర్థమయ్యేలా చేయడానికి ఊరంతా పనిచేస్తుంది. ఆటోకి మైకు కట్టి తిప్పుతారు. గోడల మీద గీస్తారు. ఇంటింటికీ వచ్చి నమూనా కాగితం చూపించి, 'అమ్మా, రెండో వరసలో ఉంగరం, మరిచిపోకండి' అని ఒకటికి నాలుగుసార్లు చెబుతారు. పోలింగు రోజుకి ఉంగరం అంటే ఫలానా వీధిలో ఫలానా ఆయన అన్నది చెవిలోంచి బుర్రలోకి దిగిపోయి ఉంటుంది. కాగితం మీద బొమ్మ చేసేదల్లా ఆ మాటను గుర్తుచేయడమే. తెలుగులో బొమ్మకీ, జ్ఞాపకానికీ కలిపి 'గుర్తు' అని ఒకే మాట ఉండటం ఊరికే కాదు!

ఇది మొదటి నుంచీ ఇంతే. 1951-52లో తొలి సార్వత్రిక ఎన్నికలు వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. అప్పుడు ఒక్కో అభ్యర్థికీ ఒక్కో పెట్టె. పెట్టె మీద గుర్తు. కాగితం ఏ పెట్టెలో వేస్తే ఓటు ఆ పెట్టెదే. కాంగ్రెస్‌కి కాడెద్దులు. తర్వాతి కాలంలో స్వతంత్ర పార్టీ వచ్చి నక్షత్రం గుర్తు పట్టుకుంది. ఆ పార్టీలో పేరున్న నాయకుడు సర్దార్ గౌతు లచ్చన్నది కంచిలికి కూతవేటులో ఉన్న బారువ. నక్షత్రానికీ రైతుకీ ఏం సంబంధం అంటే... ఏమీ లేదు. ఆ సంబంధాన్ని మాటలతో కల్పించారు. 1983లో తెలుగుదేశానికి సైకిలు కూడా అలా అలవాటైందే.

సాఫ్ట్‌వేర్ బొమ్మలకు ఈ ప్రచారం ఏదీ? రాత్రికి రాత్రి ఫోన్ అప్‌డేట్ అవుతుంది. తెల్లారేసరికి కొత్త గుర్తులు. మైకూ లేదు, నమూనా బ్యాలెట్టూ లేదు.

రెండో కారణం ఇంకాస్త లోతైనది. ఎన్నికల గుర్తు ఒక మనిషికి మారుపేరు. చిన్నప్పుడు వ్యాకరణంలో చదువుకున్నాం కదా, నామవాచకం, అదన్నమాట. మెనూలో ఉండేవి నామవాచకాలు కావు. అన్నీ క్రియలే. తెరువు, దాచు, పంపు, తీసెయ్, పేరు మార్చు, వెనక్కి తీసుకో. కుండను బొమ్మ గీయమంటే ఎవరైనా గీస్తారు. 'దాచు' అనేదాన్ని గీయమంటే? అందుకే దాచడానికి ఫ్లాపీ బొమ్మ పెట్టారు. ఫ్లాపీ ఒక వస్తువు, దాచడం ఒక పని. ఆ వస్తువు వాడుకలో ఉన్నన్నాళ్లూ బండి నడిచింది. ఇప్పటి పిల్లలకు ఫ్లాపీ అంటే 'సేవ్' బొమ్మ, అంతే. కత్తెర అదృష్టవంతురాలు. అది చేసే పని ఒక్కటే కనుక 'కట్' అనగానే అతికిపోయింది. కానీ మెనూలోని క్రియలన్నిటికీ అలాంటి పనిముట్లు దొరకవు.

కంప్యూటర్‌లో బొమ్మలు పెట్టిన తొలితరం వాళ్లకు ఈ తేడా బాగానే తెలుసు. 1981లో జిరాక్స్ కంపెనీ 'స్టార్' అనే కంప్యూటర్ తెచ్చింది. తెర మీద కాగితం, అట్ట ఫైలు, ఉత్తరాల ట్రే, ప్రింటరు బొమ్మలుగా కనిపించడం జనం కొనుక్కునే యంత్రాల్లో దాంతోనే మొదలు. అన్నీ ఆఫీసు బల్ల మీద ఉండే వస్తువులే. మరి జరుపు, కాపీ చెయ్, తీసెయ్ లాంటి పనులో? వాటిని కీబోర్డు మీద మీటలుగా పెట్టారు, మాటల్లో రాసి! వస్తువుకి బొమ్మ, పనికి మాట. నలభై ఏళ్ల పైచిలుకు వెనక చేసిన ఆ పంపకం ఇప్పటికీ సబబుగానే అనిపిస్తుంది.

ఆ తర్వాత మూడేళ్లకు యాపిల్ కంపెనీ మెకింతోష్ వచ్చింది. అది తయారవుతున్నప్పటి ముచ్చట ఒకటుంది. మెనూలో కొన్ని పనులకు కీబోర్డు నుంచే చేసే దగ్గరి దారి ఉంటుంది కదా, ఆ వరసల పక్కన మొదట యాపిల్ పండు గుర్తు వేశారు. మెనూ తెరిస్తే పై నుంచి కిందిదాకా పళ్లే. స్టీవ్ జాబ్స్ చూసి చిరాకుపడ్డాడు, మన లోగోని ఇంత చవక చేస్తారా అని. బొమ్మలు గీసే సుసాన్ కేర్ గుర్తుల నిఘంటువు తిరగేసి, స్వీడన్‌లో చూడదగ్గ ప్రదేశాల దగ్గర బోర్డుల మీద వాడే నాలుగు మెలికల చతురస్రాన్ని తీసుకొచ్చింది. ఇప్పటికీ యాపిల్ కీబోర్డుల మీద ఉన్నది అదే. జాబ్స్ బాధ కంపెనీ పరువు గురించి కావచ్చు. కానీ మెనూ నిండా బొమ్మలు నింపితే బొమ్మ విలువ పడిపోతుందన్న సంగతి అప్పుడే బయటపడింది.

ఈ సంగతి ఉద్దానం వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. కవిటి వైపు తోటల్లో దారి అడిగితే 'కొబ్బరిచెట్టు దగ్గర కుడిపక్కకి తిరుగు' అని ఎవరైనా చెబుతారా? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను అన్ని చెట్లను కూల్చేశాక కూడా చెప్పరు. రచ్చబండ దగ్గర అంటారు, రామ్మందిరం దగ్గర అంటారు. చుట్టూ లేనిదే ఆనవాలు అవుతుంది. పదిహేను వరసల మెనూలో మూడింటికి బొమ్మలుంటే చూపు అక్కడ ఆగుతుంది. పదిహేనింటికీ ఉంటే అది కొబ్బరితోట. పైపెచ్చు ఒక్కో వరసకీ కన్ను రెండేసి పనులు చేయాలి. ముందు బొమ్మను చూసి, అది అర్థం కాక, తర్వాత మాట చదవాలి.

2009లో లినక్స్ కంప్యూటర్లలో వాడే 'గ్నోమ్' రూపకర్తలు ధైర్యం చేసి మెనూల్లోంచి బొమ్మల్ని మామూలుగా కనిపించకుండా తీసేశారు. కావాలనుకున్నవాళ్లు మళ్లీ పెట్టుకోవచ్చన్నారు. అలవాటుపడ్డవాళ్లు కొందరు గొణిగారు. యాపిల్ దీనికి పూర్తిగా ఎదురు నడిచింది. అంతకాలం మెనూల్లో బొమ్మల్ని పొదుపుగా వాడిన కంపెనీ 2025 సెప్టెంబరులో 'టాహో' అనే కొత్త రూపంలో దాదాపు ప్రతి వరసకీ ఒక బొమ్మ తగిలించింది. అందంగా లేదని ఎవరూ అనలేరు. ఒకే పనికి ఒక్కో యాప్‌లో ఒక్కో బొమ్మ కనిపిస్తుంటే మాత్రం అందం ఎవరికి కావాలి? జాబ్స్ ఉంటే ఏమనేవాడో!

బొమ్మల తరఫున వాదించేవాళ్లు ఉత్త అమాయకులేం కాదు. 1990ల చివర్లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ మెనూల్లో కొన్ని వరసల పక్కన బొమ్మలు పెట్టినప్పుడు దానికో ప్రయోజనం ఉంది. పైన పట్టీలో కనిపించే బొత్తమూ, మెనూలో ఈ మాటా ఒకటేనని చెప్పడం. అంటే మెనూయే ప్రచారం చేసి పెట్టింది అన్నమాట! నాలుగుసార్లు మెనూలో మాటతో కలిపి చూసినవాడు అయిదోసారి పైనున్న బొమ్మను నేరుగా నొక్కుతాడు. ఇది మంచి వాడకమే.

అదే మైక్రోసాఫ్ట్‌కి ఔట్‌లుక్ దగ్గర ఎదురైన అనుభవం చెప్పుకోదగ్గది. ఉత్తరాలు రాసుకునే ఆ సాఫ్ట్‌వేర్‌లో పైన బొమ్మల పట్టీ ఒకటుంది. కొత్తవాళ్లు దాని జోలికి పోవడం లేదు. బొమ్మలు మార్చి చూశారు. జాగా మార్చి చూశారు. లాభం లేదు. చివరికి ముఖ్యమైన నాలుగైదు బొమ్మల పక్కన వాటి పేర్లు రాశారు. జనం వాడటం మొదలుపెట్టారు. ఈ సంగతి ఆఫీస్ 2007కి కొత్త రూపం ఇచ్చిన బృందం పెద్ద జెన్సన్ హ్యారిస్ చెప్పినదే. ఇంత చేసి తేలింది ఏమిటయ్యా అంటే, సీసా మీద చీటీ అంటించాలని! పచారీ కొట్టు నడిపేవాళ్లను అడిగితే ఖర్చు లేకుండా చెప్పేవారు.

బొమ్మ అర్థం కాకపోవడం ఒక ఇబ్బంది. ఒక బొమ్మను ఇంకో బొమ్మ అనుకోవడం అంతకంటే పెద్ద ఇబ్బంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో భువనగిరిలో అప్పటి టీఆర్‌ఎస్ అభ్యర్థి 5,219 ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఆ పార్టీ గుర్తు కారు. అక్కడే రోడ్డు రోలర్ గుర్తు మీద నిలబడ్డ అభ్యర్థికి 27,973 ఓట్లు వచ్చాయి. అవన్నీ కారు ఓట్లేనని ఎవరూ రుజువు చేయలేరు. ఓటు వేసినవాళ్ల మనసులోకి తొంగిచూడలేం కదా. కానీ నలుపు తెలుపుల్లో, బొటనవేలంత జాగాలో, రెండూ చక్రాల మీద నిలబడ్డ పెట్టెలే. రోలర్‌ని జాబితాలోంచి తీసేయమని ఆ పార్టీ అడిగితే 2011లోనే తీశారు. అది మళ్లీ ప్రత్యక్షమైంది. 2022 మునుగోడు ఉప ఎన్నిక నాటికి కారును పోలిన గుర్తుల గొడవ హైకోర్టు గడప కూడా తొక్కింది.

ఇలాంటిదే ఫోన్లలోనూ జరిగింది. 2020 అక్టోబరులో గూగుల్ తన జీమెయిల్, డ్రైవ్, క్యాలెండర్, మీట్ గుర్తులన్నిటికీ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం రంగులే పూసింది. కంపెనీ ముద్ర కనిపించింది కానీ ఏది ఏదో వెతుక్కోవాల్సి వచ్చింది. ఇక్కడ కోర్టు లేదు, ఎన్నికల సంఘం లేదు. జనం సణుక్కుని ఊరుకున్నారు.

అక్షరం తెలిసినవాళ్ల సంగతి సరే. తెలియనివాళ్లకు బొమ్మే కదా దిక్కు? 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం జిల్లా అక్షరాస్యత దాదాపు 62 శాతం. ఆడవాళ్లలో 52 శాతం. పలాస జీడిపప్పు బట్టీల్లో పిక్కలు కొట్టే చేతుల్లోనూ, వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా వలస పోయిన మత్స్యకారుల ఇళ్లలోనూ ఇప్పుడు ఫోన్ ఉంది. నెలనెలా డబ్బు వచ్చేది దాంట్లోకే. వీళ్ల కోసమైనా బొమ్మలు కావాలని వాదన. సబబైనదే.

బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రంలో ఇంద్రాణి మేధి ఈ ప్రశ్నతోనే ఏళ్ల తరబడి పనిచేశారు. 2000ల నడుమ ఆ నగరపు మురికివాడల్లో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల కోసం, అక్షరాలే లేకుండా పని వెతుక్కునే కంప్యూటర్ పద్ధతి ఒకటి తయారుచేసి చూశారు. ముచ్చటైన విషయం ఏమిటంటే, అక్కడా క్రియ దగ్గరే చిక్కు వచ్చింది. ఉత్త వస్తువు గీస్తే వాళ్లు వస్తువు పేరు చెప్పారు. పని సూచించాలంటే కదలిక చూపాల్సి వచ్చింది. కుళాయిలోంచి నీళ్లు కారుతున్నట్టు, గిన్నెలోంచి ఆవిరి వస్తున్నట్టు. అన్నిటికీ మించి బొమ్మను ముట్టుకోగానే అదేమిటో వాళ్ల భాషలో చెప్పే గొంతు కావాల్సి వచ్చింది. మళ్లీ మాటే! చదివే మాట కాకపోతే వినే మాట.

మన టీ కొట్లలో జరిగింది చూడండి. క్యూఆర్ చీటీ అంటించినంత కాలం, డబ్బు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి కొట్టు యజమాని కస్టమర్ ఫోన్‌లోకి తొంగిచూసేవాడు. ఆకుపచ్చ టిక్కు బొమ్మ చూపించి మోసం చేసినవాళ్లూ ఉన్నారు. తర్వాత మాట్లాడే డబ్బాలు వచ్చాయి. '20 రూపాయలు అందాయి' అని తెలుగులో అరుస్తాయి. 2024లో ఫోన్‌పే డబ్బాలకు మహేశ్‌బాబు గొంతు కూడా తొడిగారు. టీ కాస్తున్నవాడు తల తిప్పక్కర్లేదు. ఏ బొమ్మా చేయలేని పని ఒక్క మాట చేసిపెట్టింది.

ఇది సరదా వ్యవహారం కాదు. డబ్బు పంపడానికీ, అడగడానికీ బొమ్మలో తేడా ఎలా చూపిస్తారు? రూపాయి గుర్తు పక్కన పైకో బాణం, కిందికో బాణం. ఎవరి వైపు నుంచి పైకి? ఎవరి వైపు కిందికి? డబ్బు నీకే వస్తుంది, పిన్ కొట్టమని నమ్మించి ఖాతాలు ఖాళీ చేసిన మోసాలు దేశమంతా జరిగాయి. కొట్టినవాళ్లకు తాము ఇస్తున్నామో పుచ్చుకుంటున్నామో తెలియలేదు. చివరికి మనుషుల మధ్య ఇలా డబ్బు అడిగే పద్ధతినే 2025 అక్టోబరు 1 నుంచి ఎన్‌పీసీఐ ఆపేసింది. ఇవ్వడం, పుచ్చుకోవడం తెలుగులో రెండు వేర్వేరు మాటలు. పసిపిల్లలు కూడా తడబడరు. బొమ్మలో మాత్రం ఒకే బాణం, అటో ఇటో.

రంగు కూడా అంతే. పురుగుమందు డబ్బా మీద వజ్రం ఆకారంలో గుర్తు ఉంటుంది. అందులో కింది సగం రంగు. ఎరుపైతే అత్యంత విషం, పైన పుర్రె బొమ్మ. ఆ తర్వాత పసుపు, నీలం, చివర ఆకుపచ్చ. 1971 నాటి నిబంధనల ప్రకారం ఇవి తప్పనిసరి. పుర్రె ఎవరికైనా తెలుస్తుంది. అది చావు బొమ్మ, దాని ప్రచారం తరతరాలుగా జరుగుతూనే ఉంది. చిక్కంతా ఆకుపచ్చతో. సిగ్నల్ దగ్గర ఆకుపచ్చ అంటే పోవచ్చు. అన్నం పొట్లం మీద ఆకుపచ్చ చుక్క అంటే శాకాహారం. మందు డబ్బా మీద ఆకుపచ్చ అంటే 'విషం తక్కువ' అని, 'విషం లేదు' అని కాదు. పక్కన 'జాగ్రత్త' అన్న మాట ఉంటేనే ఆ తేడా తెలిసేది. ఆ మాట ఇంగ్లీషులో, చీమతలకాయంత అక్షరాల్లో ఉంటే ఉన్నట్టా లేనట్టా?

అసలు మన దగ్గర బొమ్మలకు ఇంత పలుకుబడి రావడంలో తెలుగు మాటల తప్పు కూడా ఉంది. ఫోన్‌లో భాష తెలుగుకి మార్చి చూడండి. 'అమరికలు' అంటుంది. 'భాగస్వామ్యం చేయి' అంటుంది. అది కూడా పూర్తిగా పట్టదు, 'భాగస్వా...' దగ్గర తెగిపోయి మూడు చుక్కలు. ఇంతకంటే పక్కనున్న బొమ్మే నయమనిపిస్తే అది బొమ్మ గొప్పతనం ఎలా అవుతుంది? ఇంగ్లీషులో నాలుగక్షరాల మాట పట్టేంత జాగా వదిలి, అందులోకి తెలుగును కుక్కి, పట్టకపోతే బొమ్మ పెడుతున్నారు. తెరల మీద మాటలు రాసేవాళ్లలో ఎంతమంది ఒకసారి గట్టిగా పైకి చదువుకుని చూస్తున్నారో మరి.

కంచిలి సంతలో నిలబడితే ఈ క్రియలన్నీ గంటలో దొరుకుతాయి. పంపు. దాచు. తీసెయ్. ఎతుకు. ఎనక్కి తే. నాలుగక్షరాలకు మించవు. ఎంత చిన్న తెర మీదైనా పడతాయి. వాటిలో రోజూ వాడే రెండు మూడింటి పక్కన బొమ్మ పెట్టండి, ఆనవాలుగా ఉంటుంది. వేలు పెట్టగానే ఆ మాట పైకి పలికిస్తే అక్షరం రానివాళ్లకూ సరిపోతుంది. 2013లో ఓటింగ్ యంత్రం మీదికి 'నోటా' వచ్చినప్పుడు దానికి గుర్తే లేదు. రెండేళ్లు అక్షరాలతోనే నెట్టుకొచ్చింది. 2015లో అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ గీసిన గుర్తు, బ్యాలెట్ కాగితం మీద అడ్డంగా ఇంటూ, దానికి జతపడింది. అక్షరాలను మాత్రం తీసేయలేదు.